గదిలో లేనివాళ్లు

మా నెల్లూరు వైపు కోట అనే ఊరు దాటి తూర్పుగా సముద్రం వైపు పోతుంటే వరిపొలాలు తగ్గి రొయ్యల గుంటలు మొదలవుతాయి. గాలిలో ఉప్పు, ఏరేటర్ల చప్పుడు, గట్ల మీద మేత బస్తాలు. అక్కడ ఒక రైతు నన్నొక ప్రశ్న అడిగాడు. పరిశోధన పద్ధతుల గురించి నేను చదివిన పుస్తకాలన్నీ తిరిగి తిరిగి ఆ ప్రశ్న దగ్గరికే చేరతాయి కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

“పోయిన పంటకి ఆరు గుంటల్లో మూడిటికి కొత్త మందు ఏశా సార్. ఆ మూడూ బాగొచ్చినాయి. మిగతావాటిల్లో ఒకటి నడిమధ్యలోనే పోయింది. రెండిట్లో రొయ్య ఎదగనే లేదు. మందు పన్జేసినట్టే గదా?”

“ఏ మూడిటికి ఏశారు?” అన్నాను.

“మంచి గుంటలకే. పోయేదానికి ఎవురన్నా డబ్బులు బెడతారా?”

ఆయన తప్పేమీ చేయలేదు. ఇంటి పెట్టుబడిని కాపాడుకునే ఏ రైతైనా అలాగే చేస్తాడు. కానీ ఆ ఒక్క జవాబుతో మూడుకు మూడు అన్న లెక్క విలువ కోల్పోయింది. ముందే బాగున్న గుంటలు చివరికీ బాగున్నాయి. అందులో మందు వాటా ఎంతో, గుంట వాటా ఎంతో విడదీసే దారి లేదు. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని పరీక్షలు నడిపినా ఆ దారి దొరకదు. లోపం లెక్కలో ఉంటే దిద్దుకోవచ్చు. ఇక్కడ లోపం లెక్కకు చాలా ముందు, మందు బస్తా ఏ గట్టు మీదికి చేరిందన్న చోటే ఉంది.

కోట పక్కనే విద్యానగర్‌లో కాలేజీలున్నాయి. ఏటా ఎందరో పిల్లలు అక్కడ సగటు, విచలనం, సహసంబంధ గుణకం నేర్చుకుని బయటికొస్తారు. వాళ్లలో కొందరు పరిశోధనకు వెళతారు. అలాంటివాళ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు ఎక్కువగా అడిగేది “దీనికి ఏ టెస్ట్ వాడాలి సార్?” అని. అది రెండో ప్రశ్న. మొదటిది వేరే ఉంది: ఈ అంకెలు నా చేతికి ఎలా వచ్చాయి? ఏ అంకెలు రాకుండా పోయాయి? శాస్త్రీయంగా ఆలోచించడం నేర్చుకోవడమంటే ఎక్కువ భాగం ఈ మొదటి ప్రశ్నను అలవాటు చేసుకోవడమేనని నా నమ్మకం.

ఈ ప్రశ్నను అందరికంటే అందంగా అడిగినవాడు మన తెలుగువాడే. కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచానికి సి.ఆర్. రావు. 1920 సెప్టెంబర్ 10న నేటి కర్ణాటకలోని హడగళిలో పుట్టారు. పది మంది సంతానంలో ఎనిమిదోవాడు. కృష్ణుడు దేవకికి ఎనిమిదో బిడ్డ గనుక ఆ పేరు పెట్టారు. తండ్రి పోలీసు ఉద్యోగి కావడంతో చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల మధ్య సాగింది. తనను తెల్లవారుజామున నాలుగింటికే లేపి, చదువుకునేందుకు నూనె దీపం వెలిగించి పెట్టేదంటూ, తర్వాతి రోజుల్లో తన పుస్తకం ఒకటి తల్లి లక్ష్మీకాంతమ్మకు అంకితమిచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ పూర్తి చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లారు. అక్కడ అనుకోకుండా మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి 1941 జనవరి 1న చేరారు. ఉద్యోగమేమో రాలేదు. గణాంక శాస్త్రానికి మాత్రం ఒక మనిషి దొరికాడు.

ఆయన చేసి చూపిన ప్రయోగం ఒకటి ఏ తరగతి గదిలోనైనా పది నిమిషాల్లో చేయొచ్చు. మగపిల్లలున్న గదిలోకి వెళ్లి ఒక్కొక్కరినీ అడగండి: నీతో కలిపి మీ ఇంట్లో అన్నదమ్ములు ఎందరు, అక్కచెల్లెళ్లు ఎందరు? అన్నీ కూడండి. మగవాళ్ల సంఖ్య ఆడవాళ్ల సంఖ్యను మించిపోతుంది. ఆయన దీన్ని వాల్తేరు, హైదరాబాదు, తిరుపతి నుంచి టెహ్రాన్, టోక్యో దాకా చాలా నగరాల్లో చేశారు. ప్రతిచోటా అదే తీరు.

అంటే లోకంలో మగపిల్లలే ఎక్కువ పుడుతున్నారా? కాగితం మీద వేసి చూద్దాం. వంద మంది కుర్రాళ్లు, ఒక్కొక్కరి ఇంట్లో ఇద్దరేసి పిల్లలు అనుకుందాం. ఆడ, మగ పుట్టే అవకాశం సమానం అనుకుందాం. అప్పుడు ఆ వంద మందిలో సుమారు యాభై మందికి తోడబుట్టినది సోదరుడు, యాభై మందికి సోదరి. వాళ్లను కూడా కలిపితే మగవాళ్లు నూట యాభై, ఆడవాళ్లు యాభై. ఒకటికి మూడు! ఎవరూ అబద్ధం చెప్పలేదు, కూడికలో తప్పు లేదు. ఇద్దరూ ఆడపిల్లలే ఉన్న ఇళ్ల నుంచి ఆ గదికి ఎవరూ రారు, అంతే. ఊళ్లో నాలుగో వంతు ఇళ్లు అలాంటివే అయినా, ఆ గదిలో వాటికి నోరు లేదు. ఇద్దరూ మగపిల్లలున్న ఇంటికేమో గదిలో కనిపించేందుకు రెండు అవకాశాలున్నాయి. ఇప్పుడు జవాబు చెప్పిన కుర్రాడిని లెక్కలోంచి తీసేసి, తోడబుట్టినవాళ్లను మాత్రమే లెక్కపెట్టండి. యాభై, యాభై. నమూనా ఎలా చేతికొచ్చిందో తెలిస్తే వంకర సరిచేయొచ్చన్నమాట. తెలియకపోతే, వంద మంది బదులు లక్ష మందిని అడిగినా అదే వంకర ఇంకా గట్టిగా నమ్మిస్తుంది.

ఈ ఆలోచనకు గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ 1934లో బీజం వేశారు. రావు 1965లో దాన్ని ఒక సాధారణ సిద్ధాంతంగా మలిచారు. నాకు అందులోని సూత్రాలకంటే గది ముఖ్యం. పరిశోధకుడు ఏ గదిలోకి వెళ్లినా, ఎదుట కూర్చున్నవాళ్ల మాట వింటూనే, లోపలికి రాలేకపోయినవాళ్ల కోసం చూపు తలుపు వైపు ఒకసారి పోవాలి. రొయ్యల రైతుల శిక్షణ శిబిరంలో “ఎలా లాభం తీశారో చెప్పండి” అని అడుగుతాం. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి తూర్పు తీరాన్ని ఊడ్చేసినప్పుడు టైగర్ రొయ్యతో మునిగి గుంటలు వదిలేసినవాడు ఆ శిబిరానికి రాడు. అతనూ బహుశా అదే మేత వాడి ఉంటాడు, అదే మందు చల్లి ఉంటాడు.

ఈ మాట మా తీరంలో ఎంత లోతుగా తగిలిందో 2021 మేలో చూశాం. కోటకు ఉత్తరాన కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య కరోనాకు ఇస్తున్న మందు కోసం మే 21న వేల మంది వచ్చారు. అంబులెన్సుల్లో వచ్చారు, పక్క రాష్ట్రాల నుంచి వచ్చారు. ఆసుపత్రిలో మంచం దొరకని, ఆక్సిజన్ సిలిండర్ కోసం తెల్లవార్లూ తిరిగిన రోజులవి. ఆ వరసలో నిలబడ్డవాళ్లను తేలిక చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. మన ఇంట్లో మనిషి ఊపిరి అందక కొట్టుకుంటుంటే మనమూ వెళ్లేవాళ్లమే. ఆ రోజే పంపిణీ ఆగింది. మందు తీసుకున్నవాళ్లకు ఫోన్లు చేసి వివరాలు సేకరించే పని ఆయుర్వేద వైద్యులకు అప్పగించారు. మే 31న ప్రభుత్వం నోటి ద్వారా ఇచ్చే మందులకు అనుమతించి, కంట్లో వేసే చుక్కలను ఆపింది.

నన్ను ఇప్పటికీ పట్టుకున్నది ఆ ఫోన్ల సంగతి. ఫోన్ ఎవరు ఎత్తుతారు? కోలుకున్నవాళ్లు ఎత్తుతారు, సంతోషంగా చెబుతారు. ఆ మాట నిజమే, అనుమానించక్కర్లేదు. కానీ కరోనా సోకినవాళ్లలో అత్యధికులు ఏ మందు తీసుకున్నా, తీసుకోకపోయినా కోలుకున్నారు. వెయ్యి మందిలో 980 మంది తమంతట తామే కోలుకునే జబ్బు అనుకోండి. వాళ్లకు మంచినీళ్లిచ్చినా 980 మంది “నాకు నయమైంది” అని ప్రమాణం చేసి చెబుతారు. మిగతా ఇరవై మందిలో మాట్లాడలేని స్థితిలో ఉన్నవాళ్లుంటారు, అసలు లేనివాళ్లుంటారు. మందు తీసుకున్న వెయ్యి మంది పక్కన, అదే వయసు, అదే తీవ్రత ఉండి మందు తీసుకోని మరో వెయ్యి మందిని నిలబెడితే తప్ప ఆ 980 అనే అంకె ఎటూ చెప్పదు. అక్కడ ఎక్కువ మంది బతికారా, తక్కువ మందా? మందు పనికొచ్చి ఉండొచ్చు, పనికిరాక పోయి ఉండొచ్చు. ఆ వరసను చూసి, ఆ వీడియోలు చూసి ఎవరికీ తెలిసే వీలు లేదు. నమ్మినవాళ్లకు, నమ్మనివాళ్లకు కూడా.

ఇది పల్లెటూరి మందుకే పట్టిన చిక్కు అనుకుంటే పెద్ద పొరపాటు. అవే రోజుల్లో పెద్ద ఆసుపత్రులు ప్లాస్మా ఇచ్చాయి. కోలుకున్నవాళ్ల రక్తంలోని ప్లాస్మాను రోగికి ఎక్కించడం. ‘ఏ పాజిటివ్ ప్లాస్మా అర్జంట్’ అని రాత్రింబవళ్లు ఫోన్లలో తిరిగిన సందేశాలు ఎవరు మరిచిపోగలరు? అందులో హేతువు ఉంది, రోగనిరోధక శాస్త్రం ఉంది. అయినా భారత వైద్య పరిశోధన మండలి 2020 ఏప్రిల్ – జులై మధ్య 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులను రెండు జట్లుగా విడదీసి పరీక్షించింది. ఎవరు ఏ జట్టులోకి అన్నది డాక్టరు ఎంచుకోలేదు, రోగీ ఎంచుకోలేదు. యాదృచ్ఛికంగా నిర్ణయమైంది. ప్లాస్మా తీసుకున్న 235 మందిలో 44 మందికి జబ్బు ముదిరింది లేదా ప్రాణం పోయింది. తీసుకోని 229 మందిలో 41 మందికి. 19 శాతం, 18 శాతం. తేడా లేదు. అయినా ప్లాస్మా చికిత్స మార్గదర్శకాల్లోంచి బయటికి పోయింది 2021 మే 17న. కృష్ణపట్నంలో జనం పోటెత్తడానికి నాలుగు రోజుల ముందు! ఆ రెండు వరసల్లో ఏది శాస్త్రీయం, ఏది కాదు అని తెల్లకోటును బట్టి తేల్చలేం.

బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ పరీక్ష ఇంకో పాఠం చెప్పింది. మందుల షాపులో చవగ్గా దొరికే స్టెరాయిడ్ డెక్సామెథసోన్. 2,104 మందికి ఇచ్చారు, 4,321 మందికి మామూలు చికిత్స. మొత్తం మీద 28 రోజుల్లోపు మరణాలు 25.7 శాతం నుంచి 22.9 శాతానికి తగ్గాయి. చిన్న తేడాలా కనిపిస్తుంది. లోపలికి వెళితే, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 41.4 నుంచి 29.3కు తగ్గింది. ఆక్సిజన్ అవసరమే లేనివాళ్లలో మాత్రం మేలేమీ కనబడలేదు. మరణాలు మామూలు చికిత్సలో 14 శాతముంటే, మందు తీసుకున్నవాళ్లలో 17.8. ఒకే మందు ఒకరికి ప్రాణం, ఇంకొకరికి బహుశా హాని. ఏ ఒక్క డాక్టరు అనుభవంలోనూ ఈ తేడా కనబడే అవకాశం లేదు. వంద మందిలో ముగ్గురు ఎక్కువ బతికారన్నది ఒక వార్డులో నిలబడి గుర్తుపట్టగల విషయం కాదు. వేల మందిని కలిపి, నాణెం ఎగరేసినట్టు పంచి, ఓపికగా లెక్కపెడితేనే బయటపడింది.

అలాగని ప్రతిదానికీ నాణెం ఎగరేయలేం. విషం కలిసిన నీళ్లు సగం ఊరికి పోసి చూద్దామని ఎవరంటారు? అలాంటప్పుడు పరిశోధకుడు ఏం చేయాలన్నదానికీ మా జిల్లాలోనే జవాబుంది. 1930ల తొలినాళ్లలో అప్పటి నెల్లూరు జిల్లా ఉత్తర తాలూకాల్లో, అంటే 1970లో ప్రకాశం జిల్లాలో కలిసిన దర్శి, పొదిలి, కనిగిరి వైపు, ఎద్దులు నడవలేకపోవడం రైతులు గమనించారు. కీళ్లు బిగుసుకుపోయి, కాళ్లు కదపలేక. ఆ తర్వాత మనుషుల్లో: పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, నడివయసు వచ్చేసరికి వెన్ను కర్రలా బిగిసిపోవడం. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి దీన్ని ఫ్లోరోసిస్‌గా గుర్తించి ప్రకటించారు. దేశంలో మనుషుల్లో ఈ వ్యాధిని శాస్త్ర పత్రికల్లో నమోదు చేసిన మొదటి సందర్భం అదే.

ఇందులో నాకు అన్నిటికంటే విలువైనది ఎద్దు. వ్యాధికి కారణం తిండా, వంశమా, ఏదైనా పాత అంటురోగమా అని అనుమానాలు వస్తాయి కదా. మనుషుల తిండి, మనుషుల వంశం, మనుషుల రోగాలు ఎద్దుకు లేవు. మనిషికీ ఎద్దుకూ ఉమ్మడిగా ఉన్నది ఊరి బావి. ఎవరూ పథకం వేయకుండానే ప్రకృతి ఒక పోలికను అమర్చిపెట్టింది, రైతు దాన్ని చూశాడు. ఆ తర్వాత అడగాల్సినవి చాలా ఉన్నాయి. పక్క ఊరి నీళ్లు వేరైతే అక్కడ ఈ జబ్బు ఉందా? నీటిలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ జబ్బు పెరుగుతోందా? ఆ ఊరికి కోడలిగా వచ్చిన మనిషికి కొన్నేళ్లకు వస్తోందా? పండిట్, రాఘవాచారి మరి ఇద్దరితో కలిసి 1940లో ప్రచురించిన అధ్యయనం పిల్లల పళ్ల మచ్చలకు, పెద్దల ఎముకల వ్యాధికి దోహదం చేసే అంశాలను విడివిడిగా పరిశీలించింది. ఇలాంటి ప్రశ్నల వరసను 1965లో బ్రిటిష్ గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఒకచోట కూర్చి చెప్పారు. ఇప్పటికీ ప్రజారోగ్య పరిశోధకులకు అది తొలి పాఠం. ఇవాళ తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఆ ఒకటిన్నర అనే అంకె వెనుక లోకమంతటా వంగిపోయిన వెన్నెముకలున్నాయి. వాటిలో మా నెల్లూరివీ ఉన్నాయి.

అంకెలు ఎవరి చేతి నుంచి వస్తున్నాయో చూడమని చెప్పే కథ ఒకటి రావు తన పుస్తకంలో రాశారు. 1947 అల్లర్లలో ఢిల్లీ ఎర్రకోటలో తలదాచుకున్న శరణార్థుల తిండి బాధ్యత ప్రభుత్వం కాంట్రాక్టర్లకు అప్పగించింది. లోపల ఎందరున్నారో ఎవరికీ తెలియదు. బిల్లులు మాత్రం భారీగా వస్తున్నాయి. లోపలికి వెళ్లి లెక్కపెట్టే వీలు లేదు. గణాంకవేత్తలను అడిగితే, వాళ్లు కాంట్రాక్టరు బిల్లులోని బియ్యం, పప్పు, ఉప్పు పరిమాణాలు తీసుకున్నారు. ఒక మనిషి రోజుకు ఏది ఎంత తింటాడో ఇంటింటి సర్వేల వల్ల తెలుసు. బియ్యాన్ని బట్టి లెక్కిస్తే ఒక జనాభా, ఉప్పును బట్టి లెక్కిస్తే దానికంటే బాగా తక్కువ జనాభా వచ్చింది. వాళ్లు ఉప్పును నమ్మారు. బియ్యం ఖరీదైనది కాబట్టి ఎక్కువ రాస్తే లాభం. చవకైన ఉప్పును పెంచి రాసి కాంట్రాక్టరు బాగుపడేదేమీ లేదు.

ఉప్పు పండించే తీరంలో పుట్టినవాణ్ని కాబట్టేమో, ఈ కథ చదివిన రోజు నుంచి నేను ఏ లెక్క చూసినా ఇందులో ఉప్పు ఏదని వెతుకుతాను. గుంటలో ఎంత మేత వేశామన్నది జ్ఞాపకం మీద చెప్పే అంకె. మేత కంపెనీ బిల్లు ఇంకొంచెం గట్టిది. పట్టుబడి రోజున కాటా చీటీ మీద పడిన బరువు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలన్నది) మరీ గట్టివి. ఆ చీటీని బట్టే డబ్బులు చేతులు మారతాయి కాబట్టి కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరూ కళ్లార్పకుండా చూస్తారు.

మళ్లీ గుంటల దగ్గరికి వద్దాం. ఆ రైతు మందును నిజంగా పరీక్షించాలంటే ఏం చేయాలి? దానికి ముందు మా ఇళ్లలో తెగని వాదం ఒకటి చెప్పాలి. నెల్లూరు చేపల పులుసు పొద్దున వండి రాత్రి తింటే బాగుంటుందా, రాత్రి వండి మర్నాడు తింటేనా? మర్నాటిదే రుచి అని, కళ్లు మూసుకుని నోట్లో పెట్టినా చెప్పగలనని మా ఇంట్లో ఒక పెద్దావిడ పందెం కాస్తుంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఇలాంటి పందెమే పడింది. కప్పులో పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా తాను చెప్పగలనని మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త అన్నారు. అక్కడే ఉన్న రొనాల్డ్ ఫిషర్ ఆ పందెం నుంచి ఒక శాస్త్రాన్నే లాగారు. 1935లో వచ్చిన ఆయన ప్రయోగ రచన పుస్తకంలో అదొక అధ్యాయం.

పులుసుతో చేద్దాం. ఎనిమిది గిన్నెలు. నాలుగింట్లో నిన్నటిది, నాలుగింట్లో ఇవాళ్టిది. వేడి ఒకటే, చేప ముక్క ఒకటే, మామిడికాయ ముక్క ఒకటే. వరస చీటీలు తీసి నిర్ణయిస్తాం. ఆవిడ నిన్నటివి నాలుగు ఏరాలి. ఎనిమిదింటిలో నాలుగు ఏరడానికి 70 రకాలున్నాయి. ఏమీ తెలియకుండా గుడ్డిగా ఏరినా అన్నీ సరిపోయే అవకాశం డెబ్బైలో ఒకటి, అంటే నూటికి ఒకటిన్నర. అన్నీ సరిగ్గా చెబితే ఒప్పుకోవాల్సిందే. మూడు సరైనవి, ఒకటి తప్పు అయితే? చాలామంది “పర్లేదు, ముప్పావు వంతు సరిగ్గా చెప్పింది” అంటారు. లెక్క వేరే చెబుతుంది. గుడ్డిగా ఏరి మూడైనా సరిగ్గా తెచ్చుకునే దారులు 70లో 17. నూటికి 24! అంటే నలుగురు ఏమీ తెలియనివాళ్లను కూర్చోబెడితే వాళ్లలో ఒకరు దాదాపు ఆ మాత్రం చెప్పేస్తారు. ఒక్క గిన్నె తప్పడంతో గట్టి సాక్ష్యం కాస్తా గాలి కబురైపోయింది. ఇక్కడ మన మనసు చెప్పే అంచనాకూ లెక్కకూ ఎంత దూరముందో చూడండి. అందుకే ఈ లెక్క వంటకు ముందే వేసుకోవాలి, రుచి చూశాక కాదు.

ఈ పద్ధతినే గుంటలకు తెస్తే మొదటి తప్పటడుగు ఎక్కడ పడుతుందో నాకు తెలుసు, ఎన్నో ప్రాజెక్టు రిపోర్టుల్లో చూశాను. ఒక గుంటలో మందు వేసి, పక్క గుంటలో వేయకుండా, రెండిట్లోంచి నూటయాభై చొప్పున రొయ్యలు పట్టి తూచి, “నమూనా మూడు వందలు” అని రాస్తారు. నమూనా మూడు వందలు కాదు, రెండు. మందు పడింది రొయ్యకు విడివిడిగా కాదు, గుంటకు. ఒకే నీళ్లు తాగి, ఒకే రాత్రి ఆక్సిజన్ తగ్గి తల్లడిల్లిన నూటయాభై రొయ్యలు నూటయాభై సాక్షులు కారు. ఒకే సాక్షి నూటయాభైసార్లు మాట్లాడినట్టు. స్టూవర్ట్ హర్ల్‌బర్ట్ అనే పర్యావరణ శాస్త్రవేత్త 1984లో 176 ప్రచురిత ప్రయోగాలను వెతికి చూస్తే 27 శాతంలో ఈ తప్పు దొరికింది. పత్రికలు అచ్చువేసిన వ్యాసాల్లో అది. గుంటల్లో చేసిన ప్రయోగంలో ఎన్ని గుంటలని అడగడం పల్లెటూరి ప్రశ్నలా వినిపిస్తుంది. పరిశోధకుడు ముందు అడగాల్సింది అదే.

ఆరు గుంటలను మూడు జతలు చేశామనుకోండి. ఉప్పుటేటి పక్కవి రెండు ఒక జత, బోరు నీళ్లవి రెండు ఒక జత, రోడ్డు దగ్గరవి ఒక జత. ప్రతి జతలో ఏ గుంటకు మందు అన్నది నాణెం తేల్చాలి. మూడు జతల్లోనూ మందు గుంటే గెలిచినా, మందులో ఏమీ లేకుండానే అలా జరిగే అవకాశం ఎనిమిదిలో ఒకటి. నూటికి పన్నెండున్నర. అన్నీ మనం కోరుకున్నట్టే జరిగినా నమ్మకం కలగదని ముందే తెలిసిన ప్రయోగానికి ఒక పంటకాలం ఎందుకు పెట్టాలి? ఆరు జతలుంటే అరవై నాలుగులో ఒకటి. పన్నెండు గుంటలు కావాలి. ఆ రైతు ఒక సాయంత్రం తన బావమరిదిని, పక్క గట్టాయన్ని కూర్చోబెట్టుకుని పన్నెండు పోగుచేశాడు. ఏది గెలుపు, ఏది ఓటమి అన్నది పిల్ల వదలకముందే నోటుబుక్కులో రాశాం: పట్టుబడి రోజున కాటా చీటీ మీది మొత్తం బరువు, అంతే. నడిమధ్యలో పోయిన గుంట కూడా సున్నాతో లెక్కలో ఉంటుంది. దాన్ని కొట్టివేయడానికి వీల్లేదు.

ఇలాంటి చిన్న నమూనాల గురించే 1944లో కలకత్తాలో పాఠం చెబుతున్న యువ రావును ఒక విద్యార్థి ఒక ప్రశ్న అడిగాడు. తర్వాత పేరున్న ఆర్థికవేత్త అయిన వి.ఎం. దండేకర్ ఆ విద్యార్థి. అంచనాల్లో ఎంత కచ్చితత్వం సాధ్యమో పెద్ద నమూనాలకు ఫిషర్ చెప్పారు సరే, మన చేతిలో ఉండే చిన్న నమూనాలకో? రావు దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని సాధించారు. 1945లో అచ్చైన ఆ ఫలితం ఇవాళ క్రామెర్–రావు పరిమితి: ఉన్న సమాచారంతో ఇంతకంటే కచ్చితంగా ఎవరూ చెప్పలేరని గీసిన గీత. నూటరెండేళ్ల వయసులో, 2023లో, ఆ పనికే ఆయనకు అంతర్జాతీయ గణాంక పురస్కారం వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 22న కన్నుమూశారు. నాకు అందులో గీత ఎంత గొప్పదో, తెలియదని ఒప్పుకుని ఇంటికెళ్లిన ఆ సాయంత్రమూ అంతే గొప్పది. చేతిలో ఆరు గుంటలే ఉన్నవాడికి చిన్న నమూనా ప్రశ్న ఎంత దగ్గరిదో చెప్పక్కర్లేదు.

నాణెం ఎగరేసే రోజు పొద్దున్నే గట్టు మీద నలుగురం నిలబడ్డాం. అయిదు రూపాయల బిళ్ల. బొమ్మ పడితే ఏటి వైపు గుంటకు మందు, బొరుసు పడితే దాని జతకు. నాలుగు జతలు అయిపోయాయి. అయిదో జతలో రైతుకు ప్రాణమైన గుంట ఉంది, ఏటా కిలోకు ముప్పై కౌంటు తీసే గుంట. దాని జతది ఎండ్రకాయలు బొక్కలు పెట్టి గట్టు కారే గుంట. బొరుసు పడింది.

ఆయన బిళ్ల వైపు చూశాడు, గుంట వైపు చూశాడు. “దీనికి ఏయకూడదా సార్?”

“ఈ పంటకి వద్దు.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మందు బస్తాను భుజానికెత్తుకుని, కారే గట్టు మీదుగా నడిచాడు. నేను నోటుబుక్కులో అయిదో జత పక్కన బొరుసు అని రాసి, బిళ్లను ఆరో జత కోసం చేతిలోకి తీసుకున్నాను.